గీజరు సరే.. ఎర్తింగు ఉందా?

ఆదిలాబాద్: డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపునకు పడిపోయే ఆదిలాబాద్ ప్రాంతంలో తెల్లవారుజామున స్నానమంటే సాహసమే. పెరట్లో కట్టెల పొయ్యిపై కాగు పెట్టి నీళ్లు కాచుకున్న ఇళ్లలోకి ఇప్పుడు గీజర్లు వచ్చి చేరుతున్నాయి. దుకాణంలో ఎన్ని లీటర్లు, ఎన్నేళ్ల గ్యారంటీ అని అడిగే కొనుగోలుదారులు ఇంటికి ఎర్తింగు ఉందా అన్న సంగతి పట్టించుకోవడం లేదు. స్నానాల గదిలో ప్రాణానికి భరోసా ఇచ్చేది ముందుగా అదే.

గీజరులో నీటిని వేడిచేసే కాయిల్ ఒక లోహపు గొట్టం లోపల ఉంటుంది. బోరు నీటిలోని సున్నం ఏళ్ల తరబడి ఆ గొట్టంపై పేరుకుని, చివరకు దానిని చిల్లు పడేలా చేస్తుంది. అప్పుడు విద్యుత్తు నీటిలోకి, ట్యాంకుకు, కుళాయికి పాకుతుంది. ఎర్తింగు సరిగా ఉంటే ఆ విద్యుత్తు తీగ వెంట భూమిలోకి పోతుంది. లేకపోతే తడి నేలపై నిలబడి కుళాయి తిప్పిన మనిషి ద్వారా పోతుంది. ఎంసీబీ ఉంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకు మించిన విద్యుత్తు ప్రవహించాలి. మనిషిని చంపడానికి ఆంపియరులో పదో వంతు చాలు.

ప్రమాదకరమైన అడ్డదారి

ఎర్తింగు లేని పాత ఇళ్లలో కొందరు పనివారు ప్లగ్గులోని ఎర్తు రంధ్రాన్ని న్యూట్రల్ తీగకు కలిపేస్తుంటారు. పైకి అంతా బాగానే కనిపిస్తుంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున మాత్రం గీజరు ఒళ్లంతా ఫేజ్ అవుతుంది. ఈ పనికి ఒప్పుకోవడం కంటే కట్టెల పొయ్యే మేలు.

ఇంటి బయట గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి పైపు పాతించడం, అక్కడి నుంచి గీజరు ప్లగ్గు వరకు విడిగా ఎర్తు తీగ లాగించడం సరైన మార్గం. దానికి తోడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. వెళ్లిన విద్యుత్తుకు, తిరిగి వచ్చిన దానికి తేడా కనిపించగానే అది సెకనులో కొద్ది భాగంలో సరఫరా ఆపేస్తుంది. ఎర్తింగు ఉంటే లీకేజీ మొదలవగానే పడుతుంది. లేకపోతే మనిషికి షాక్ తగిలాకే పడుతుంది. దానిపై ఉండే టెస్ట్ మీటను నెలకోసారి నొక్కి చూడాలి.

బిగింపులో..

2,000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాను, దీపం ఉన్న బోర్డు నుంచి దీనికి సరఫరా తీసుకోరాదు. విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. స్విచ్చు గది బయట ఉండటం మంచిది. 25 లీటర్ల గీజరు నిండితే నీటి బరువే 25 కిలోలు. కాబట్టి గట్టి ఇటుక గోడకే బిగించాలి. వేడి నీటి వైపు మామూలు పీవీసీ పైపు వేస్తే మెత్తబడి వంగిపోతుంది. సీపీవీసీ వేయాలి. సేఫ్టీ వాల్వు నుంచి కారే చుక్కలకు విసుగెత్తి దాని మూతి బిగించేవారూ ఉన్నారు. ట్యాంకు పగలకుండా కాపాడేది అదే.

కుళాయి తిప్పి నీరు ధారగా వచ్చిన తర్వాతే మొదటిసారి స్విచ్చు వేయాలి. తువ్వాలు ఆరుతుందని వేడి పైపులపై వేలాడదీసే అలవాటు మానుకుని, దానికి వేరే కొక్కెం కొట్టించుకోవాలి. 15 లీటర్ల నీరు 15 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరడానికి సుమారు 25 నిమిషాలు పడుతుంది, యూనిట్ కూడా కాలదు. నీళ్లు కాగాక స్విచ్చు ఆపి స్నానానికి వెళ్లవచ్చు. ఎండాకాలంలో ఎర్తు గొయ్యి ఎండిపోతుంది. అప్పుడప్పుడు అందులో రెండు బిందెల నీళ్లు పోస్తుండాలి.