సిజేరియను బాలింత – శిశువు పడక

పురుడు వచ్చిన యింట పెద్దలు మొదట విచారించునవి బాలింత పథ్యమును, బిడ్డ పేరును, బారసాల ముహూర్తమును. బిడ్డ రాత్రివేళ ఎక్కడ పరుండవలెనను సంగతి ముందుగా ఆలోచించువారు తక్కువ. ఆసుపత్రినుండి బాలింత యింటికి చేరిన నాటి సాయంకాలమున ఒకరు ఉయ్యాల యనియు, ఒకరు తల్లి ప్రక్క యనియు, మఱియొకరు అమ్మమ్మ గది యనియు చెప్పుదురు. ఎవరి కంఠము గట్టిదో వారి మాట నెగ్గును. కుట్ల బాధతో, మందుల మత్తుతో నున్న తల్లి నోరెత్తదు.

సోదరీమణులారా! ఇది చిన్న విషయము కాదు. తల్లి గాయమును, బిడ్డ ఊపిరియు దీనిపై ఆధారపడియున్నవి. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము ప్రకారము, అంతకు ముందటి ఐదేండ్ల కాన్పులలో తెలంగాణమున నూటికి 60.7, ఆంధ్రప్రదేశమున నూటికి 42.4 సిజేరియను కాన్పులే. దేశమంతటి లెక్క నూటికి 21.5. ఇన్ని శస్త్రచికిత్సలు అవసరమా యను ప్రశ్న వేఱు. ఇందఱు తల్లులు కుట్లతో ఇండ్లకు వచ్చుచుండగా, మన పురిటిగది యేర్పాట్లు మాత్రము సుఖప్రసవమైన తల్లికొఱకు ఏర్పడినట్టివిగానే నిలిచియున్నవి. వానిని సిజేరియను బాలింత దేహస్థితినిబట్టి మార్చుకొనవలెనని మనవి చేయుటకే ఈ వ్యాసము.

తల్లి స్థితి

సిజేరియనులో కోయబడునది చర్మమొక్కటి కాదు. లోని పొరలును, గర్భాశయమును కోసి, మరల కుట్టుదురు. పైగాయము రెండువారములలో మానినట్లు కనబడినను, లోపలి కుట్లు గట్టిపడుటకు ఇంచుమించు ఆఱు వారములు పట్టును. అంతవఱకు బిడ్డకంటె బరువైన వస్తువు నెత్తరాదని వైద్యులు చెప్పుదురు. వంగుటయు, కూర్చున్నచోటినుండి లేచుటయు, పరుండి ప్రక్కకు తిరుగుటయు కడుపు కండరముల పనియే. సుఖప్రసవమైన తల్లికి తెలియకయే జరిగిపోవు ఈ పనులు, ఈమెకు ఒక్కొక్కటి ఒక్కొక్క శ్రమ.

క్రొత్తగా పుట్టిన బిడ్డ యొక పగలు రాత్రిలో ఎనిమిది మొదలు పండ్రెండు మాఱులు పాలు త్రాగును. అందు మూడు నాలుగైనను రాత్రివేళ వచ్చును. బిడ్డ పడక దూరమైనచో ప్రతిమాఱు తల్లి లేచి, నడచి, వంగి, ఎత్తవలెను. దూరము లేకుండుటకై తన ప్రక్కనే పరుండబెట్టుకొన్నచో, నొప్పిమందుల మత్తులో బిడ్డపై చేయి పడినను ఎఱుగని నిద్ర పట్టవచ్చును. ఈ రెండు కష్టములకును నడుమ నున్న దారినే మనము వెదకవలెను.

మన ఇండ్ల పడకలు

నేలపడక: క్రింద చాప వేసికొని పరుండుటలో బిడ్డ దొర్లిపడు భయము లేదు. కాని కుట్లున్న తల్లి నేలనుండి లేచుట యెట్లు? మా బంధువుల యింట ఒక బాలింతను ఆచారము ప్రకారము నేలపై పరుండబెట్టిరి. ఆమెను లేపుటకు ప్రతిమాఱు ఇద్దఱు కావలసివచ్చిరి. ఒకనాటి రాత్రి ఎవరిని లేపుటకును మనసొప్పక, ఆమె గోడ పట్టుకొని తానే లేచి, నొప్పికి తాళలేక కూలబడినది. మఱునాడు ఆమె తండ్రి మంచము వేయించెను. మంచము మోకాలియెత్తున, కూర్చున్నప్పుడు పాదములు నేలకు ఆనునట్లుండవలెను. లేచునపుడు ముందు ప్రక్కకు ఒత్తిగిలి, కాళ్ళు క్రిందికి వ్రేలవైచి, చేతులతో పఱుపు నదిమి లేవవలెను. వెల్లకిల నుండి తిన్నగా లేవరాదు.

నులకమంచము, నవారుమంచము: ఇవి నడుమ గుంటపడును. తల్లికి లేచుట కష్టము. బిడ్డ ఆ పల్లమున తల్లివైపునకు దొర్లి, ముఖము ఆమె దేహమునకో పక్కబట్టలకో అదుముకొనవచ్చును.

చీర ఉయ్యాల: జోలపాటలన్నియు దీనిచుట్టు అల్లుకొన్నవే, దీనిని తప్పుపట్టుటకు నాకును మనసు రాదు. కాని నెలలోపు బిడ్డకు మెడ నిలువదు. బట్ట వంపులో బిడ్డ గడ్డము ఱొమ్మునకు ఆనుకొని ఊపిరిత్రోవ ఇఱుకు కాగలదు. ప్రక్కల బట్ట ముఖముపై కప్పుకొనగలదు. అందుండి బిడ్డను తీయుటకు తల్లి వంగి చేతులు చాపవలసియుండును. పగటివేళ, ఒకరు చెంత కూర్చుండి చూచుచుండగా కొంతసేపు ఊపినచో ఊపవచ్చును. రాత్రి నిద్రకు అది తగదు.

వేఱు గది: అమ్మమ్మయో నాయనమ్మయో బిడ్డను తన గదిలో పరుండబెట్టుకొని తల్లికి విశ్రాంతి నిచ్చెదననుట ప్రేమచేతనే. ఐనను మొదటి వారములలో తల్లి బిడ్డలను వేఱుచేసినచో పాలు పడుటకు ఆటంకము కలుగును. సిజేరియను తల్లులకు పాలు పడుట కొన్నిమాఱులు ఆలస్యమగును గనుక, బిడ్డ దగ్గఱ నుండి అడిగినప్పుడెల్ల త్రాగుట మఱింత అవసరము. ప్రపంచారోగ్యసంస్థయు, యూనిసెఫ్‌ సంస్థయు తల్లి బిడ్డలు రేయింబవళ్ళు ఒకే గదిలో నుండవలెనని చెప్పుచున్నవి. అమ్మమ్మ ఆ గదిలోనికే వచ్చి పరుండుట మేలు.

ప్రక్కతొట్టి: నా దృష్టిలో అన్నింట తగినది యిది. తల్లి మంచమునకు ఆనించి, అదే యెత్తున, బిడ్డకు ప్రత్యేకముగా నొక చిన్న పడక. మూడువైపుల కమ్ములుండి, తల్లివైపు తెఱచియుండవలెను. తల్లి లేవకయే చేయి చాపి బిడ్డను తాకవచ్చును, దగ్గఱకు తీసికొనవచ్చును. అంగడిలో దొరకునది కొనలేనివారు వడ్రంగిచే చేయించుకొనవచ్చును. కమ్ముల నడుమ సందు రెండంగుళములకు మించరాదు. తొట్టిని మంచమునకు కదలకుండ బిగింపవలెను. రెండింటి నడుమ బిడ్డ జాఱు సందుండరాదు. తెఱచిన తొట్టి కుదురనిచో, నాలుగువైపుల కమ్ములు గల తొట్టిని మంచమునకు చేరువగా నుంచి, ఎత్తియిచ్చుటకు మఱియొకరు ఆ గదిలోనే పరుండవలెను.

బిడ్డ పడక లక్షణములు

చరకసంహిత శారీరస్థానమున శిశువు పడక మెత్తగను, తేలికగను, శుచిగను ఉండవలెనని చెప్పబడినది. శుచి నేటికిని శిరోధార్యమే. మెత్తదనము విషయమున మాత్రము నేటి వైద్యులమాట వేఱు. పఱుపు గట్టిగను, చదునుగను ఉండవలెను. మెత్తని పఱుపులో ముఖము కూరుకొనిపోయిన బిడ్డకు తల త్రిప్పుకొను శక్తి యుండదు. దుప్పటిని బిగుతుగా పఱచి, దానిపై మఱేమియు నుంచరాదు. తల గుండ్రముగా వచ్చునని పెట్టు ఆవాలదిండు కూడ వలదు. దోమతెర కట్టినచో బిడ్డ ముఖమునకు తగులకుండ ఎత్తుగా, బిగువుగా కట్టవలెను.

బిడ్డను వెల్లకిలనే పరుండబెట్టవలెను. అట్లు పరుండిన బిడ్డ పాలు కక్కినచో గొంతున అడ్డుపడునని పెద్దలు భయపడుదురు. నిజమునకు వెల్లకిల నున్నపుడు ఊపిరిగొట్టము పైనను, అన్నవాహిక క్రిందను ఉండును. కక్కినది ఊపిరిగొట్టములోనికి పోవుట అంత సులభము కాదు. అమెరికాలో 1994లో బిడ్డలను వెల్లకిల పరుండబెట్టుడని దేశమంతట ప్రచారము చేసిరి. ఆ పిమ్మట పదేండ్లలో, నిద్రలో హఠాత్తుగా మరణించు శిశువుల సంఖ్య ఇంచుమించు సగమునకు తగ్గినది.

ఉక్కయు, పొగయు బిడ్డకు శత్రువులు. ఇంటికి వచ్చి నిలకడపడిన బిడ్డకు నిద్రలో ఉన్నిటోపీ, బొంతలు అక్కఱలేదు. సాంబ్రాణి పొగ మాట యెత్తినచో శాస్త్రమును చూపుదురు. చరకుడు ధూపము చెప్పినది శిశువు వస్త్రములకును పక్కబట్టలకును. శిశువు ముక్కునకు కాదు. ఇంట చుట్ట, సిగరెట్టు కాల్చువారుండిన వారిని వెలుపలికి పంపుటకు మొగమాటపడకుడు.

రాత్రి తోడు

ఎంత మంచి తొట్టియైనను తోడులేని సిజేరియను బాలింతకు చాలదు. మొదటి రెండువారములైనను రాత్రి ఒకరు ఆమె గదిలో నుండవలెను. వారి పని యిది: బిడ్డ యేడ్చినంతనే ఎత్తి తల్లికిచ్చుట, ఆమె పాలిచ్చునంతసేపు మేలుకొనియుండుట, పాలు త్రాగిన పిమ్మట బిడ్డను భుజమున వైచుకొని త్రేన్పు తెప్పించి, బట్ట మార్చి, తిరిగి తొట్టిలో వెల్లకిల పరుండబెట్టుట. అమ్మయే యుండవలెనన్న నియమము లేదు. భర్త ఈ పని చేయవచ్చును, చేయవలెను. పగలు ఉద్యోగము చేయువాడు రాత్రి ఒక్కమాఱు లేచినంతమాత్రమున అరిగిపోడు. ఇద్దఱుండిన వంతులు వేసికొందురుగాక.

తల్లి ప్రక్కకు ఒత్తిగిలి పరుండి పాలిచ్చినచో కుట్లపై బరువు పడదు. వీపువెనుక దిండు పెట్టుకొనవచ్చును, బిడ్డ దరిని మాత్రము దిండుండరాదు. కూర్చుండి యిచ్చునపుడు బిడ్డ కాళ్ళు చంకక్రిందుగా వెనుకకు పోవునట్లు పట్టుకొన్నచో కడుపునకు ఒత్తిడి తగులదు. నిద్రమత్తున సోఫాలోనో వాలుకుర్చీలోనో కూర్చుండి పాలీయరాదు. బిడ్డను ఒడిలో నుంచుకొని అందు నిద్రపోవుట మంచముపై నిద్రపోవుటకంటెను అపాయకరము.

ఒక్కొక్కప్పుడు పాలిచ్చుచునే మంచముపై కన్ను మూతపడును. మేలుకొన్నంతనే బిడ్డను తొట్టిలోనికి మార్చవలెను. ఐతే బిడ్డ నెలలు నిండక పుట్టినను, రెండున్నర కిలోలకు తక్కువ తూగినను, తల్లి మత్తు కలిగించు మందు పుచ్చుకొన్నను, ఇంట పొగత్రాగువారు ఆ మంచముననే పరుండినను, ఒకే పక్కపై నిద్ర యెంతమాత్రము కూడదు. ఏ మందు మత్తు కలిగించునో ఆసుపత్రి విడుచునాడే వైద్యునడిగి తెలిసికొనుడు. గాయమునుండి చీము కాఱినను, జ్వరము తగిలినను, బిడ్డ పాలు మానినను, ఎగయూపిరి పెట్టినను తెల్లవాఱువఱకు ఆగక చూపింపవలెను.

ఈ యేర్పాటంతయు ఎనిమిదవనెలలోనే కావలెను. సుఖప్రసవమే యగునని తలచుచున్నను సరే. సిజేరియను నిర్ణయము తఱచుగా నొప్పులు వచ్చిన పిమ్మటనే జరుగును. పుట్టింటికి పోవు గర్భిణి, పోవుటకు ముందే తల్లితో, అత్తగారితో, భర్తతో కలసి మాటలాడి, తొట్టి యెక్కడ వేయవలెనో, రాత్రి ఎవరుండవలెనో నిర్ణయించుకొనవలెను. ఆఱు వారములు గడచి, వైద్యుడు పరీక్షించి సరేయన్న పిదప తల్లి తానే బిడ్డ నెత్తుకొనును. తోడుపరుండువారు తమ గదికి పోవచ్చును. తొట్టిమాత్రము బిడ్డకు ఆఱు నెలలు నిండువఱకైనను తల్లి గదిలోనే యుండవలెను.