కోడిపిల్లకు ఎంత వేడి, ఎంత చోటు?

ఐరాల, కాణిపాకం వైపు పల్లెల్లో ఇప్పుడు కోళ్ల పెంపకం రెండు రకాలుగా సాగుతోంది. ఒకటి, కంపెనీ ఒప్పందం మీద రేకుల షెడ్లలో పెరిగే బ్రాయిలర్ కోళ్లు. రెండు, కూలికి పోయే ఆడవాళ్లు పెరటి కోసం తెచ్చుకునే యాభయ్యో నూరో పిల్లలు. షెడ్డు పెద్దదైనా పెరడు చిన్నదైనా నష్టం ఎక్కువగా తగిలేది మొదటి వారంలోనే. పిల్లలు చస్తే జబ్బు తగిలిందంటారు, దిష్టి తగిలిందంటారు. చాలాసార్లు అది జబ్బూ కాదు, దిష్టీ కాదు. చలి!

తల్లి లేని పిల్ల

పొదుగు కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెంటీగ్రేడ్. పది పన్నెండు పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని కాపాడుతుంది. యంత్రంలో పొదిగిన పిల్లకు ఆ రెక్కలు లేవు. దాని కడుపులో మిగిలిన పచ్చసొన రెండు రోజుల దాకా మేతగా పనికొస్తుంది. అందువల్లనే పెట్టెల్లో పెట్టి దూరాభారం పంపగలుగుతున్నారు. కానీ మేతకు నిల్వ ఉంది గానీ వేడికి నిల్వ లేదు. నూగు పోయి ఈకలు వచ్చేదాకా, అంటే మూడు నాలుగు వారాలు, మనమే తల్లి రెక్కలం.

మొదటి వారం పిల్ల వీపు ఎత్తున 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. తర్వాత వారానికి 5 డిగ్రీల లెక్కన తగ్గించాలి. రెండో వారం 90, మూడో వారం 85, నాలుగో వారం 80. వేడిమాపకం లేకపోతే పిల్లల్నే చూడండి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటుంటే వేడి చాలలేదు. దూరంగా పోయి రెక్కలు జార్చి రొప్పుతుంటే ఎక్కువైంది. అన్నీ ఒకే పక్కకు చేరితే రెండో పక్క నుంచి గాలి కొడుతోందని అర్థం. చుట్టూ సమంగా చెదిరి, మేసేవి మేస్తూ, పడుకునేవి పడుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఎండాకాలంలో మన జిల్లాలో పగలు బల్బే అక్కరలేని రోజులుంటాయి. రాత్రి చూసుకుంటే చాలు. కార్తీక, మార్గశిర మాసాల్లో తుపాను ముసురు పట్టినప్పుడు మాత్రం పగలూ రాత్రీ కావలి ఉండాలి.

వెలుగు వేరు, వేడి వేరు

మా మండలంలో ఒక కాలనీలో ఒకామె నూరు పిల్లల్ని తెచ్చి గది మూలలో పెట్టింది. తెల్లారేసరికి ముప్పైకి పైగా చచ్చినాయి. "రేయంతా లైటు ఎలగతానే ఉండాది గదన్నా, ఎట్ల చచ్చినాయి?" అని అడిగింది. ఆమె పెట్టింది ఎల్‌ఈడీ బల్బు. కరెంటు ఆదా చేసే బల్బుకు వెలుగే గానీ పిల్లల్ని కాచేంత వేడి ఉండదు. కాచేది తీగ ఎర్రగా కాలే పాతరకం బల్బు, లేదా పరారుణ దీపం.

పాతరకం బల్బులైతే పిల్లకు 2 వాట్లు లెక్క. నూరు పిల్లలకు 200 వాట్లు. ఒకే పెద్ద బల్బు కన్నా 100 వాట్లవి రెండు మేలు. ఒకటి మాడిపోయినా రెండోది ఉంటుంది. పైన రేకు గొడుగు ఉంటే వేడి కిందికి దిగుతుంది. అడుగున్నర ఎత్తున కట్టి వారం వారం పైకి లేపాలి. ఇరవైనాలుగు గంటలూ వెలిగితే రోజుకు 4.8 యూనిట్లు. అంటే పిల్లకు వారానికి యూనిట్‌లో మూడోవంతు. పిల్ల ధర పక్కన ఇది పెద్ద ఖర్చు కాదు. కరెంటు పోతే ఏం చేయాలన్నది మాత్రం ముందే ఆలోచించుకోవాలి.

బొగ్గుల కుంపటితో జాగ్రత్త

షెడ్లలో చాలామంది కరెంటును నమ్మలేక బొగ్గులే వాడతారు. తప్పులేదు. అయితే చలికి భయపడి పరదాలన్నీ బిగించి, కావలి ఉన్న కూలి కుటుంబం కూడా అక్కడే పడుకోవడం ప్రాణాంతకం. బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. పొగ కనబడకపోయినా అది ఉంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తే వెంటనే బయటి గాలికి రావాలి. నిద్రలో ఉన్నవాడికి ఆ హెచ్చరిక కూడా తెలియదు. కనుక పరదాలు కింద మూసి పైన అడుగు మేర తెరిచి ఉంచాలి. గాలి పిల్లల మీద కొట్టకూడదు, పైన ఆడుతుండాలి. మనుషులు పడుకునే చోటు వేరుగా ఉండాలి.

మూల లేని గది

పిల్లలకు మూల శత్రువు. అక్కడికి చేరి ఒకదాని కింద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి. అట్టతోనో, రేకుతోనో, తడికతోనో అడుగున్నర ఎత్తు గుండ్రటి కంచె కట్టాలి. నూరు పిల్లలకు మొదట ఆరడుగుల అడ్డకొలత చాలు. వారానికి ఎనిమిది అడుగులకు పెంచితే పిల్లకు అర చదరపు అడుగు వస్తుంది. నెల నాటికి ఒక్కో పిల్లకు ఒక చదరపు అడుగు కావాలి. అంటే పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గది.

కింద రెండంగుళాల మందాన వరి ఊక గానీ చెనక్కాయ పొట్టు గానీ పరవాలి. వానకు తడిసి బూజు పట్టిన పొట్టు వద్దు, దాని వల్ల ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. తొలి రెండు మూడు రోజులు పైన పాత పేపర్లు పరిస్తే పిల్లలు ఊక తినవు. తడిసిన చోట వెంటనే మార్చాలి. లేకపోతే రక్త పారుడు అంటుకుంటుంది.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ జాతులు పెరటికి అనువైనవే. వాటినైనా ఆరు వారాలు ఇట్ల సాకిన తర్వాతే బయటికి వదలాలి. ఒక రోజు పిల్లల్ని పేదల చేతిలో పెట్టి, బల్బూ కంచే సంగతి చెప్పకుండా పోతే అది సాయం కాదు.

వేడి ఖర్చు ఎవరిది?

ఒప్పంద పెంపకంలో పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, బొగ్గులు, ఊక, కూలి సాధారణంగా రైతువి. కిలోకింత అని పెంపకం కూలి ఇస్తారు. చావులు హద్దు దాటితే కోత పడుతుంది. ఎండాకాలం ఒక బొగ్గు బస్తాతో సరిపోయే చోట చలికాలం ఎన్ని బస్తాలవుతాయో రైతుకు తెలుసు. కూలి రేటులో ఆ తేడా కనబడాలి కదా? పిల్లలు దిగిన రోజే ఇద్దరి ఎదుటా లెక్కపెట్టి, చచ్చినవీ, నీరసించినవీ కాగితం మీద రాయించుకోండి. రోజుకు ఎన్ని పోయాయో, బొగ్గుకూ కరెంటుకూ ఎంతయిందో నోటుబుక్కులో రాయండి. బేరానికి కూర్చున్నప్పుడు ఆ పుస్తకమే మన సాక్షి.

అట్లే రాత్రంతా మేలుకుని కుంపట్లు చూసేది కూలి దంపతులు. అది ఊరికే కాపలా కాదు, పని. దానికి వేరే కూలి, పడుకోవడానికి వేరే గది అడగాలి. రైతు కంపెనీని ఏ న్యాయం అడుగుతాడో, కూలి రైతును అడిగేదీ అదే న్యాయం. కోడిపిల్లకు ఇన్ని డిగ్రీలు, ఇంత చోటు అని లెక్క వేసే షెడ్డులో దాన్ని సాకే మనిషికి కూడా ఒక లెక్క ఉండాలి.