కుండలోని నీరు, కళ్లములోని ప్రత్తి

ప్రకృతిశాస్త్ర పాఠములలో పదార్థ స్థితులను గూర్చిన పాఠము మిక్కిలి సులభమైనదని పేరు. ఘనము, ద్రవము, వాయువు అను మూడు మాటలు, వానికి మూడు నిర్వచనములు, మంచు నీరగుట, నీరు ఆవిరి యగుట అను ఒక ఉదాహరణము చెప్పినచో పాఠము ముగిసినట్లే పెక్కుమంది తలంతురు. కాని నిర్వచనములను తడబడక ఒప్పగించిన విద్యార్థినే, వేసవిలో కుండలోని నీరు ఏల చల్లబడునని అడిగినచో, సమాధానము తోచక తల వంచుకొనును. పుస్తకములోని నీరు వేరు, ఇంటిలోని నీరు వేరు అను భావము అతని మనస్సున నాటుకొని యుండును. ఆ భావమును తొలగించుటయే ఈ పాఠము యొక్క అసలు ప్రయోజనము.

ఇందుకు గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున ఆదోని, ఎమ్మిగనూరు, గోనెగండ్ల ప్రాంతమును చూచినచో పాఠమునకు కావలసిన సామగ్రి యంతయు ఊరిలోనే దొరకును. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. నల్లరేగడి చేలలో వేసవి వచ్చుసరికి కాలు దిగునంత నెఱ్ఱెలు విచ్చును. తొలకరి పడగానే నేల ఉబ్బి అవి మూసికొనును. మట్టి మారలేదు, దానిలోని నీరు పోయినది, తిరిగి వచ్చినది. హంద్రీ నదిపై గోనెగండ్లకు సమీపమున నున్న గాజులదిన్నె జలాశయము దామోదరం సంజీవయ్యగారి పేరిట సంజీవయ్య సాగరమని కూడ పిలువబడుచున్నది. కాలువ తూములు మూసియున్న దినములలో సైతము ఎండకాలమున అందలి నీటిమట్టము తగ్గుచునే యుండును. కంటికి కనబడక వెడలిపోవు ఆ నీటిని గూర్చి అడుగుటతో పాఠము ప్రారంభింపవచ్చును.

మొదట కుండను తీసికొందము. మట్టికుండ గోడలలో సన్నని రంధ్రములు ఉండును. వానిగుండ నీరు పైకి ఊరి, గాలి తగిలి ఇగిరిపోవును. ద్రవము వాయువుగ మారుటకు వేడి కావలయును. ఆ వేడిని అది కుండనుండియు, కుండలోని నీటినుండియు తీసికొనును. ఒక గ్రాము నీరు సాధారణమైన వేడిమిలో ఇగురుటకు సుమారు 580 కెలోరీల వేడి పట్టును. పది లీటర్ల నీరు గల కుండనుండి నూరు గ్రాములు, అనగా ఒక చిన్న గ్లాసెడు నీరు, ఇగిరినదనుకొందము. అది 58,000 కెలోరీలను తీసికొనిపోవును. బయటి గాలినుండి కుండలోనికి వేడి ఏమియు చేరకుండినచో, మిగిలిన నీరు సుమారు 6 డిగ్రీలు చల్లబడవలెను. వాస్తవమున గాలి కొంత వేడిని తిరిగి ఇచ్చుచుండును గనుక లెక్క కొంచెము తగ్గును. అయినను కుండ చల్లదనమునకు కారణము మట్టి మహిమ కాదనియు, ఇగిరిపోయిన ఆ గ్లాసెడు నీరే యనియు విద్యార్థికి అంకెలతో తెలియును. వైశాఖమున చక్కగా చల్లబడిన కుండ శ్రావణమున అంతగా చల్లబడకుండుటకు కూడ కారణము అప్పుడే బోధపడును. తేమ నిండిన గాలిలో నీరు తొందరగా ఇగురదు.

ఈ దాగిన వేడిని గుప్తోష్ణము అందురు. దీనిని తొలుత శ్రద్ధగా కొలిచినవాడు స్కాట్లండు దేశీయుడైన జోసెఫ్ బ్లాక్. 1760 ప్రాంతమున గ్లాస్గో నగరమున ఆయన కరగుచున్న మంచును పరిశీలించి, అది ఎంతో వేడిని పీల్చుకొనియు తన ఉష్ణోగ్రతను పెంచుకొనకుండుటను గుర్తించెను. ఈ ప్రయోగము నేటి బడిపిల్లలకును సాధ్యమే. దంచిన ఐసుగడ్డను లోటాలో వేసి, అందు ఉష్ణమాపకమును ఉంచి, రెండేసి నిమిషములకు ఒకసారి అంకెను వ్రాసికొనుచు పోయినచో చాలును. బాగుగ కలుపుచుండినచో, చివరి ముక్క కరగువరకు పాదరసము సున్నను విడిచి పెద్దగా కదలదు. ఆ కదలకుండుటయే పిల్లలకు ఆశ్చర్యము కలిగించును. అదే సమయమున లోటా వెలుపల నీటిబిందువులు పట్టును. లోపలి నీరే బయటికి కారినదని కొందరు అందురు. లోటా రాగిదో, స్టీలుదో కదా, రంధ్రము లెక్కడివని అడిగినచో వారే ఆలోచనలో పడుదురు. గాలిలోని ఆవిరి చల్లని గోడను తాకి నీరైనదను సత్యమును ఉపాధ్యాయుడు చెప్పవలసిన పని యుండదు.

నీటితోనే ఆగిపోయినచో స్థితిమార్పు నీటికి మాత్రమే చెందిన విచిత్రమని పిల్లలు భ్రమింతురు. పుష్యమాసపు ఉదయమున కొబ్బరినూనె సీసాలో తెల్లగా గడ్డకట్టును; అదే అలమరలోని వేరుసెనగ నూనె పలుచగానే యుండును. ప్రతి పదార్థమునకును తన ద్రవీభవన స్థానము వేరుగ కలదనుటకు ఇంతకన్న దృష్టాంత మేల? ఇక కర్పూరము సంగతి. డబ్బిలో పెట్టిన బిళ్ల నెలలు గడచుకొలది ద్రవము కాకయే క్షీణించును. ఇది ఉత్పతనము. అదే బిళ్లను హారతి పళ్లెములో వెలిగించినచో అది మండి పొగయు మసియు నగును. డబ్బిలోనిది భౌతిక మార్పు, పళ్లెములోనిది రసాయన మార్పు. ఒకే వస్తువు, ఒకే ఇల్లు, రెండు విధములైన మార్పులు.

ఇచ్చటనే బోధనలో ఒక చిక్కు కలదు. తిరిగి పూర్వరూపమునకు తేగలిగినది భౌతిక మార్పు, తేలేనిది రసాయన మార్పు అని ఒక సూత్రమును పిల్లలచే వల్లె వేయింతురు. ఈ సూత్రము పరీక్షకు అనుకూలమే గాని సత్యమునకు దూరము. జొన్నలను విసిరి పిండి చేసినచో ఆ పిండిని తిరిగి జొన్నలుగ చేయగలవా రెవ్వరు? అయినను అది భౌతిక మార్పే. గింజలో నున్న పదార్థమే పిండిలోనున్నది. అదే పిండి పెనముపై రొట్టెయై మచ్చలు తేలి కమ్మని వాసన వేసినప్పుడు క్రొత్త పదార్థములు పుట్టినవి. మరియొక వంక, సున్నపురాతిని కాల్చగా వచ్చిన సున్నమునకు నీరు చేర్చినచో అది బుసబుస పొంగి వేడెక్కి తడిసున్న మగును. ఇది నిస్సంశయముగ రసాయన మార్పు. కాని తడిసున్నమును తీవ్రమైన మంటలో కాల్చినచో నీరు పోయి మరల కాల్చిన సున్నము వచ్చును. కనుక తిరిగి వచ్చుట, రాకుండుట అసలు పరీక్ష కాదు. క్రొత్త పదార్థము పుట్టినదా లేదా అనునదే పరీక్ష. సూత్రమును మాత్రమే నేర్చిన బాలుడు జొన్నపిండి ముందు ఓడిపోవును. ప్రశ్నను నేర్చిన బాలుడు ఎచ్చటను ఓడడు.

ఆదోని ప్రాంతపు ప్రత్తి ఈ భేదమును వివరించుటకు పుట్టినట్లే యున్నది. జిన్నింగు మిల్లులో గింజ వేరగును, దూది బేళ్లలో నొక్కబడును, నూలు వడుకబడును. 1938లో మాచాని సోమప్పగారి నాయకత్వమున చేనేత సహకార సంఘము వెలసిన ఎమ్మిగనూరులో ఆ నూలు మగ్గముపై పడుగు పేకలై వస్త్రమగును. ఇన్ని రూపములు మారినను దూది దూదియే. ఒక్క నిప్పురవ్వ పడినప్పుడు మాత్రమే అది బూడిద యగును.

ఈ శాస్త్రమును తెలుగున చెప్పవలెనను పట్టుదల క్రొత్తది కాదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రతో పాటు శాస్త్రవిషయములను కూడ తెలుగు పాఠకులకు అందించెను. ఆ కృషిలో పాల్గొన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కర్నూలున జన్మించినవారే. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదములను స్థిరపరచుటకు పాటుపడెను. బాష్పీభవనము, సాంద్రీకరణము అను పదములు నేడు బడిపిల్లలకు సుపరిచితములు. అయితే ఇగురుట, పేరుకొనుట, కరగుట, ఆరుట అను ఇంటిమాటలు ముందు వచ్చి, శాస్త్రపదములు వాని వెనుక నడచినప్పుడే రెండును నిలుచును.

పశ్చిమ కర్నూలు బడులకు ప్రత్యేకమైన కష్టము ఒకటి కలదు. పంటలు చాలక పెక్కు కుటుంబములు ఏటేట గుంటూరు ప్రాంతమునకు మిరపకోతలకు తరలిపోవును. పిల్లలు కూడ వారి వెంట పోవుదురు. బడి తప్పినవానికి పుస్తకములోని పాఠము తప్పును. కాని కళ్లములో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు రోజురోజుకు తేలికయగుటను అతడు చూచుచునే యుండును. తిరిగివచ్చినవానిని వెనుకబడినవానిగ చూడక, ఆ బరువు ఏమైనదని అడుగు ఉపాధ్యాయుడు తప్పిన పాఠమును అతని అనుభవమునుండియే రాబట్టగలడు.

ఆ బరువునకు వెల కూడ కలదు. ప్రత్తి కొనుగోలులో తేమ నూటికి 8 వంతులకు మించినచో ధర తగ్గింతురు. 12 దాటినచో భారత ప్రత్తి సంస్థ కొనుటయే లేదు. నూటికి 12 వంతుల తేమ గల క్వింటాలు ప్రత్తిలో 12 కిలోల నీరు, 88 కిలోల పొడిసరకు ఉండును. దానిని 8 వంతుల తేమకు ఆరబెట్టినచో తూకము సుమారు 95 కిలోల 650 గ్రాములు వచ్చును. నాలుగు కిలోలకు పైగా నీరు ఎండలో కలిసిపోయినది. ప్రత్తి ఒక్క పోగైనను తగ్గలేదు. తండ్రి బండి వెంట మార్కెట్టుకు పోయిన బాలుడు ఈ లెక్కను తానే వేసికొనగలిగిన నాడు, తేమ పేరిట ఎంత కోయుట న్యాయమో, ఎంత అన్యాయమో అతనికి తెలియును. పదార్థ స్థితుల పాఠము ఆ బాలునకు నిజముగ వచ్చినదని అప్పుడు చెప్పవచ్చును.