ఉత్తుత్తి ప్రకటనలు, ఉలిక్కిపడ్డ జనం

అమెరికా స్వాతంత్ర్యానికి గుర్తుగా ఫిలడెల్ఫియాలో ఉన్న లిబర్టీ బెల్‌ను ఒక హోటళ్ల కంపెనీ కొనేసిందంటే నమ్ముతారా? 1996 ఏప్రిల్ 1న వేలమంది అమెరికన్లు నమ్మారు. న్యూయార్క్ టైమ్స్ సహా పెద్ద పత్రికల్లో టాకో బెల్ అనే ఆ కంపెనీ ఆ ఉదయం పూర్తి పేజీ ప్రకటన వేసింది. దేశం అప్పు తీర్చడంలో తమ వంతుగా గంటను కొన్నామని, ఇకపై దాని పేరు ‘టాకో లిబర్టీ బెల్’ అని అందులో ఉంది. గంట బాగోగులు చూసే నేషనల్ పార్క్ సర్వీస్‌కు ఫోన్లు వెల్లువెత్తాయి. సెనేటర్ల సిబ్బంది కూడా ఆరా తీశారు. మధ్యాహ్నానికి కంపెనీ అది ఏప్రిల్ ఫూల్ అని చెప్పి, గంట సంరక్షణకు 50,000 డాలర్లు ఇస్తామంది. అసలు ఆ గంట ఫిలడెల్ఫియా నగరానిది. అమెరికా ప్రభుత్వం అమ్మాలనుకున్నా అమ్మలేదు!

ఫోన్ చేసినవాళ్లను తెలివితక్కువవాళ్లంటే నేను ఒప్పుకోను. ఆటల మైదానాలకు కంపెనీల పేర్లు పెట్టడం అప్పటికే అక్కడ మామూలైపోయింది. మైదానం పేరు అమ్ముడుపోగా లేనిది గంట పేరు అమ్ముడుపోదా? తమదనుకున్నది చేజారిపోతోందని బాధపడి ఫోన్ అందుకున్నారు వాళ్లు. అలాంటి బాధ ఉండటం దేశానికి మంచిదే.

రెండేళ్ల తర్వాత, మళ్లీ ఏప్రిల్ 1నే, బర్గర్ కింగ్ ఎడమచేతివాటం వాళ్లకు ప్రత్యేకంగా ‘వొప్పర్’ చేశామని యూఎస్ఏ టుడేలో ప్రకటించింది. దినుసులన్నీ పాతవే, కాకపోతే 180 డిగ్రీలు తిప్పి పెట్టారట. గుండ్రటి బర్గర్‌ను ఎటు తిప్పితే ఏముంది? అయినా వేలమంది వెళ్లి అడిగారు. కొందరైతే తమకు కుడిచేతివాటందే కావాలన్నారు.

కోర్టు మెట్లెక్కిన ప్రకటన పెప్సీది. సీసాలతో వచ్చే పాయింట్లు కూడబెడితే టీషర్టు, కళ్లద్దాలు, చివరికి 70 లక్షల పాయింట్లకు హారియర్ యుద్ధవిమానం వస్తాయని 1990ల్లో టీవీలో చూపించారు. ఒక కుర్రాడు ఆ విమానంలో బడికి వచ్చి దిగుతాడు. నవ్వించడానికే తీశారు. అయితే తక్కువైన పాయింట్లను ఒక్కోటి 10 సెంట్లకు కొనుక్కోవచ్చన్న నిబంధన ఒక కాలేజీ విద్యార్థి కంట పడింది. పెట్టుబడిదారులను కూడగట్టి, 1996లో 7,00,008 డాలర్ల 50 సెంట్ల చెక్కు పంపాడు. విమానం ఖరీదు సుమారు 2.3 కోట్ల డాలర్లు. బుద్ధి ఉన్నవారెవరూ దాన్ని నిజమైన వాగ్దానం అనుకోరని న్యాయమూర్తి కింబా వుడ్ 1999లో కేసు కొట్టేశారు. తీర్పు సబబే. కానీ పెప్సీ ఆ ప్రకటనలో అంకెను 70 కోట్లకు పెంచాల్సివచ్చింది.

పిల్లిపిల్లలను సీసాల్లో పెంచి, కావలసిన ఆకారానికి మలుస్తామనే ‘బోన్సాయ్ కిట్టెన్’ ప్రకటన 2000లో ఇంటర్నెట్‌లో వచ్చింది. అమెరికా విద్యార్థులు వ్యంగ్యంగా చేసిన పని. జంతుప్రేమికులు తల్లడిల్లారు, ఎఫ్‌బీఐ సైతం విచారించింది. ఏ పిల్లికీ హాని జరగలేదు.

వీటన్నిటిలో మనకు దగ్గరిది భోపాల్ ఉదంతం. యూనియన్ కార్బైడ్‌ను 2001లో కొన్న డౌ కెమికల్‌ను ఎత్తిపొడుస్తూ ‘ది యెస్ మెన్’ అనే అమెరికన్ జంట అచ్చం కంపెనీదిలాగే ఒక వెబ్‌సైట్ నడిపింది. అది అసలైనదే అనుకుని బీబీసీ వరల్డ్ ఇంటర్వ్యూకు పిలిచింది. 2004 డిసెంబర్ 3, భోపాల్‌పై యూనియన్ కార్బైడ్ విషవాయువు విరుచుకుపడి సరిగ్గా 20 ఏళ్లు. డౌ ప్రతినిధిగా ‘జూడ్ ఫినిస్టెరా’ అనే మారుపేరుతో కూర్చున్న వ్యక్తి, మొత్తం బాధ్యత మాదే, పరిహారానికీ శుద్ధికీ 1,200 కోట్ల డాలర్లు ఇస్తామన్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్ మార్కెట్‌లో డౌ షేరు 23 నిమిషాల్లో 4 శాతానికి పైగా పడింది. డౌ ఖండించింది, బీబీసీ క్షమాపణ చెప్పింది. భోపాల్‌లో కాసేపు ఆనందపడినవాళ్ల ఆశ అక్కడితో ఆవిరైంది. కంపెనీని నిలదీయడానికి వేసిన వేషమే అయినా, ఆ దెబ్బ బాధితులకూ తగిలింది. ఈ మాట దాటవేయకూడదు.

వాళ్లకు నిజంగా దక్కింది 1989 ఒప్పందంలోని 47 కోట్ల డాలర్లు. ఇంకో 7,844 కోట్ల రూపాయలు ఇప్పించాలని కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2023 మార్చిలో కొట్టేసింది.