పాకలో ఉన్న బండి ఎవరిది?

ముగ్గుల గురించీ మాగాయ గురించీ రాసుకునే చోట మోటారు సైకిల్ గోలేమిటి అనుకుంటున్నారా? ఆగండాగండి! మీ పుట్టింట్లోనో అత్తారింట్లోనో, గొడ్ల పాకలోనో, పెరట్లో ఎరువుల సంచుల వెనకో ఓ పాత బండి పడుందేమో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. రాజ్‌దూతో, జావాయో, యెజ్డీయో, బుల్లెట్టో! సీటుమీద కోళ్లు పడుకుంటాయి. పాత ఇనప సామాన్లవాడు వచ్చినప్పుడల్లా దానివంక ఆశగా చూస్తాడు. "ఇచ్చేద్దాం" అంటారొకరు. "నాన్నగారి బండి, ఉండనీ" అంటారింకొకరు. ఈ మాటలన్నీ మగవాళ్ల మధ్యే నడుస్తాయి. కాఫీ గ్లాసులు పెట్టి వెళ్లే మనల్ని అడిగేవాళ్లుండరు.

మా అత్తగారి ఊరు వినగడపలోనూ ఇదే వరస. మావయ్యగారు 1979లో కొన్న రాజ్‌దూత్ బండి ఆయన పోయాక పాకలోనే ఉండిపోయింది. నాలుగేళ్లయ్యాక, కిందటేడు సంక్రాంతికి అందరం చేరినప్పుడు బావగారూ మావారూ దాన్ని కాటాకి వేసేద్దామనుకున్నారు. "ఆ ధరేదో నేనే ఇస్తాను, నాకమ్మండి" అన్నాను. అందరూ నవ్వారు. కథలు రాసుకునే మనిషికి తుప్పు పట్టిన బండెందుకని! కానీ నేను నవ్వులాటకు అనలేదు. కథలకొచ్చిన పారితోషికాలు ఓ చిన్న మొత్తంగా బ్యాంకులో ఉన్నాయి. వాటితో ఓ వస్తువు కొనుక్కోవాలని ఎప్పట్నించో కోరిక. పట్టుచీరా ఉంగరం ఎలాగూ ఉన్నాయి. ఇదెందుకు కాకూడదనిపించింది.

పాలక్యాన్ల బండి

ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ ఒకప్పుడు పల్లెల్లో రాజ్‌దూత్ అంటే మాటలా! 1960లలో ఫరీదాబాద్‌లోని ఎస్కార్ట్స్ కంపెనీ పోలెండ్ దేశపు ఎస్‌హెచ్‌ఎల్ అనే బండి నమూనాతో దీన్ని తయారుచేయడం మొదలెట్టింది. 173 సీసీ ఇంజను, మావయ్యగారి బండికి గేర్లు మూడే. వేగం పెద్దగా లేకపోయినా ఎంత బరువైనా మోస్తుంది. అటో క్యాను, ఇటో క్యాను కట్టుకుని పాలవాళ్లు, మిరపకాయల బస్తాలేసుకుని రైతులు దీనిమీదే తిరిగేవారు. 1973లో వచ్చిన 'బాబీ' సినిమాలో కుర్రజంట ఎక్కిన చిన్న బండి కూడా రాజ్‌దూతే. దాన్ని జనం 'బాబీ బండి' అనే పిలిచారు. 1985లో పెట్రోలు తక్కువ తాగే హీరోహోండా, జోరుగా పోయే యమహా ఆర్ఎక్స్ 100 రంగంలోకి దిగాక దీని ప్రాభవం తగ్గింది. అటు మైసూరులో జావా, యెజ్డీ బండ్లు చేసిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ కూడా 1996లో మూతపడింది. ఇప్పుడు ఆ పేర్లతో మళ్లీ కొత్త బండ్లు వచ్చాయనుకోండి, అది వేరే సంగతి.

అత్తయ్యకు ఈ చరిత్రంతా అక్కర్లేదు. "మీ మావయ్య వెనక కూర్చుని తిరువూరు ఆస్పత్రికెళ్లి ముగ్గుర్ని కన్నాను. నా మట్టుకు నాకది అంబాసిడర్ కారే" అంటుంది.

నాలుగు వాటాలు

కొంటానన్నాను సరే, అమ్మేదెవరు? ఆర్‌సీ పుస్తకం మావయ్యగారి పేరున ఉంది. ఆయన లేరు. "మేమిద్దరం కొడుకులం సంతకం పెడితే సరిపోతుంది" అన్నారు బావగారు. నాకెందుకో అనుమానమొచ్చి తెలిసినవాళ్లను అడిగాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయిన మగమనిషి సొంత ఆస్తి ఆయన తల్లికీ, భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ తలా ఒక సమాన వాటాగా వెళ్తుంది. మన రాష్ట్రంలో ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో చేసిన సవరణ పిత్రార్జితంలో ఆడపిల్లలకు ఇచ్చిన హక్కు దీనికి అదనం. చట్టానికి ఆస్తి అంటే పొలమే కాదు, తుప్పు పట్టిన బండి కూడా ఆస్తే! మావయ్యగారి తల్లి ఎప్పుడో పోయారు. కనక అత్తయ్య, బావగారు, మావారు, మా ఆడపడుచు.. మొత్తం నాలుగు వాటాలు. ఎవరో ఒకరి పేరుకు బండి మారాలంటే మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకారం కావాలి. 31వ నంబరు ఫారం పెట్టాలి. అసలు ఇవన్నీ మనిషి పోయిన మూడు నెలల్లోపు జరగాలి. ఆలస్యమైతే జరిమానా కట్టి చేయించుకోవాలి.

బండికి పన్నెండు వేలు ధర కట్టుకున్నాం. తలా మూడు వేలు. మావారు తన వాటా నవ్వుతూ వదిలేశారు. బావగారికి మూడు వేలిచ్చాను. మచిలీపట్నంలో ఉన్న ఆడపడుచుకు ఫోన్ చేసి, "నీ వాటా మూడు వేలు పంపిస్తున్నా, అంగీకారపత్రం మీద సంతకం కావాలి" అన్నాను. అవతల్నించి కాసేపు మాటలేదు. తర్వాత, "నాన్న పోయాక ఆ ఇంట్లోంచి వాటా అనే మాట నా చెవిన పడడం ఇదే మొదలు వదినా" అంది.

ఇక అత్తయ్య. ఆవిడ డబ్బు తీసుకోనంది. "నాకెందుకే డబ్బు? నేనున్నంత కాలం ఆ పుస్తకంలో నా పేరుండనీ. నువ్వే తోలుకో" అంది. డెబ్భై నాలుగేళ్లొచ్చినా ఆవిడ పేరున ఇల్లు లేదు, సెంటు భూమి లేదు. సరేనన్నాను. ఆవిడ తర్వాత నాకే చెందేలా అంతా కూర్చుని కాగితం రాసుకున్నాం.

ముందు నంబర్లు, తర్వాతే ఇంజను

పాత బండి కొనాలనుకునేవాళ్లు మొదట చూడాల్సింది ఇంజను చప్పుడు కాదు. ఛాసిస్ మీదా ఇంజను మీదా కొట్టిన నంబర్లు ఆర్‌సీలో ఉన్నవేనా అని చూడాలి. పల్లెల్లో ఒక బండి ఇంజను ఇంకో బండికి బిగించేయడం మామూలే. అలా మారిన నంబరు ఆర్‌సీలోకి ఎక్కకపోతే బండి మీ పేరుకు మారదు. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది. చిన్నప్పుడు రూపాయి బిళ్లతో ఆడుకునేవాళ్లం చూడండి, అలాగన్నమాట. 1989కి ముందు బండ్లకు మూడక్షరాల నంబర్లుండేవి. చేత్తో రాసిన ఆ రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కాయో లేదో ముందే కనుక్కోవాలి.

మా వైపు వాళ్లకు ఇంకో చిక్కుంది. సరిహద్దు దాటితే ఖమ్మం జిల్లా. 2014 జూన్ 2న రాష్ట్రాలు రెండయ్యాక అక్కడి బండి కొని ఇక్కడికి తెచ్చుకోవాలంటే అక్కడి రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ పన్ను కట్టాలి. పక్కూరే కదా అని డబ్బు చేతిలో పెట్టేయకండి.

సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే. ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. బండి వయసు పెరిగేకొద్దీ రుసుమూ పెరుగుతుంది. 'వింటేజ్' అనే మాటకు కూడా 2021లో కేంద్రం అర్థం చెప్పింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, ఇంజను పెద్దగా మార్చకుండా ఉన్నదే వింటేజ్. దానికి 'వీఏ' అనే అక్షరాలతో నంబరిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఇరవై వేలు రుసుము. కాకపోతే ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజూ బజారుకు వేసుకెళ్లకూడదు. మా బండికింకా యాభై నిండలేదు. నిండినా ఆ నంబరు నాకొద్దు. కూరగాయలకు వెళ్లలేని బండి నాకెందుకు?

మెకానిక్ బాబాయ్ పాఠాలు

తిరువూరులో అరవై దాటిన ఓ మెకానిక్ దొరికాడు. బాబాయ్ అని పిలుస్తాను. కుర్ర మెకానిక్‌లు కొందరు ఈ బండిని చూసి తల అడ్డంగా ఊపారు గానీ ఆయన కిక్కు రాడ్డు నెమ్మదిగా నొక్కి చూసి, "జామ్ కాలేదమ్మా, బతుకుతుంది" అన్నాడు.

విప్పేముందు ప్రతి భాగాన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకోమన్నాడు. విప్పిన బోల్టులు ఏ భాగానివి ఆ డబ్బాలో వేసి చీటీ అంటించమన్నాడు. పాత జాకెట్ విప్పి కొత్తది కత్తిరించేటప్పుడు మనం చేసే పనే కదా! తీసేసిన పాత భాగాన్ని కూడా పారేయకూడదు. కొత్తది కొనడానికి వెళ్తే కొలత చూపించాల్సింది దాంతోనే.

ఈ బండిలో ఇంజను నూనె విడిగా పోయరు, పెట్రోల్లోనే కలుపుతారు. ఆ నూనె కాలి సైలెన్సర్లో మసి గడ్డ కడుతుంది. పొగ పోయే దారి మూసుకుపోతే ఇంజనుకు ఊపిరాడదు. అడుగంటిన గిన్నె తోమినట్టు ఆ మసిని గీకి తీశాడు. క్రాంకు పక్కనుండే రబ్బరు సీళ్లు పాత కుక్కర్ గాస్కెట్‌లా గట్టిపడిపోయాయి. అక్కణ్నించి గాలి దూరితే పెట్రోలూ గాలీ పాళ్లు తప్పి బండి స్టార్టవదు. వాటిని మార్చాడు. సిలిండరు లోపల అరిగిపోతే బోరు కొట్టించి కొంచెం లావు పిస్టన్ వేయాలి. అలా కొన్నిసార్లే చేయగలం, తర్వాత సిలిండర్ గోడ పలచబడిపోతుంది. కాబట్టి పాత బండి కొనేటప్పుడు "ఎన్నోసారి బోరు?" అని తప్పకుండా అడగాలట. ట్యాంకులో తుప్పుకు చిన్న చిన్న నట్లు, కాస్త పెట్రోలు పోసి గిలకొట్టాం. నా చేతులు రెండ్రోజులు నొప్పి!

పిస్టన్, సీళ్లు, పాయింట్లు, కేబుళ్ల కోసం విజయవాడ ఆటోనగర్‌లో ఓ రోజంతా తిరిగాం. ఇప్పుడు పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాతకాలపు రబ్బరుకు అది పడదు, పైగా తేమను లాగుతుంది. అందుకే పెట్రోలు పైపూ వాషర్లూ కొత్త రకానివి వేయించాను. నెలల తరబడి బండి తీయకపోతే ట్యాంకు ఖాళీ చేసి ఉంచాలి.

మొత్తం ఖర్చు ఇరవై ఏడు వేలు. రంగు వేయించలేదు. మావయ్యగారి మోకాళ్లు రాసుకుని ట్యాంకుకు అటూ ఇటూ రంగు పోయిన మచ్చలున్నాయి. వాటి జోలికి పోవద్దని అత్తయ్య ముందే చెప్పింది. మీరు రంగు మార్చదలిస్తే ఆర్‌సీలోనూ మార్పించాలని మర్చిపోకండి.

చీర గార్డు తీసేస్తారట!

పాత బండ్లకు హంగులు చేసే కుర్రాళ్లు అన్నిటికన్నా ముందు పీకేసేది వెనక చక్రానికుండే చీర గార్డు. 'లుక్కు' పాడవుతుందట! వెనక కూర్చునే మనిషికి పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే చోటు, చక్రం సగభాగమైనా కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోంది. చీర కొంగులూ చున్నీలూ చక్రంలో పడి ఎన్ని ప్రాణాలు పోయాయో మనకు తెలియనిదా! మా బండి గార్డు తుప్పు పడితే వెల్డింగ్ చేయించి మరీ పెట్టించాను.

బండి నడిచే స్థితికొచ్చాక ట్రాలీ ఆటోలో ఎక్కించి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాం. రిజిస్ట్రేషన్ పొడిగింపు, పేరు మార్పు, బీమా, పొగ సర్టిఫికెట్ అన్నీ అయ్యేసరికి నాలుగు నెలలు. ఈలోగా నేను లైసెన్స్ మార్చుకున్నాను. గేర్లు లేని స్కూటీ లైసెన్సుతో మోటారు సైకిల్ నడపకూడదు. మళ్లీ ఎల్ఎల్ఆర్ తీసుకుని, పరీక్ష పాసై, గేర్ల బండిని లైసెన్స్‌లో చేర్పించుకోవాలి. మనలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

కొత్త ఆర్‌సీ చేతికొచ్చిన రోజు అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని తన పేరు రెండుసార్లు చదువుకుంది. "ఇంటిపేరు కూడా సరిగ్గానే రాశారే" అంది. అంతే, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. నేను జెరాక్సు తీసుకోవడానికి బతిమాలాల్సి వచ్చింది.

ఈ బండి వల్ల ఇంట్లో ఇంకో మాట కూడా మొదలైంది. బండికే నాలుగు వాటాలైతే మరి పొలానికో? ఆ ప్రశ్న ఆడపడుచు అడగలేదు, అత్తయ్యే అడిగింది. బావగారికి కోపమొచ్చింది. మావారు ఏమీ మాట్లాడలేదు. అది ఇంకా తెమలలేదు. తేలిగ్గా తెమిలేదీ కాదు. కానీ అడగడమైతే జరిగింది.

అందరూ పాత బండ్లు కొనమని నేను చెప్పను. పెట్టిన డబ్బు తిరిగి రాదు, ఓపిక కావాలి. కానీ మీ ఇంటి పాకలో అలాంటిదేదైనా ఉంటే ఇనప సామాన్లవాణ్ని పిలిచేముందు ఆర్‌సీ పుస్తకం వెతికి తీయండి. అందులో ఎవరి పేరుందో చూడండి. ఆ తర్వాత ఎవరెవరికి వాటా ఉందో నోరు తెరిచి అడగండి. బండి స్టార్టయినా కాకపోయినా ఆ మాట మాత్రం అడగాల్సిందే!