గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు గోడ ప్లగ్గు

ఆటల కోసం డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను మొదటిసారి సొంతంగా బిగించుకోవాలనుకునేవారు చాలావరకు గ్రాఫిక్స్ కార్డు పేరుతోనే లెక్క మొదలుపెట్టి, మిగిలిన డబ్బును మిగతా భాగాలకు సర్దుతారు. వికారాబాద్ జిల్లాలోని దోమ, పరిగి, తాండూరు వంటి చోట్ల మాత్రం ఆ యంత్రం ఉండబోయే గదిని, దానికి అందే కరెంటును, అక్కడి ఎండను, దుమ్మును పట్టించుకోకుండా చేసిన ఎంపిక, దుకాణంలోని ఏసీ గదిలో ఎంత బాగా నడిచినా, ఇంటికి వచ్చాక ఇబ్బంది పెడుతుంది. కంపెనీ బిగించి అమ్మే కంప్యూటర్ అన్ని ఇళ్లనూ ఒకే తీరుగా చూస్తుంది కాబట్టి, తన ఇంటికి తగిన భాగాలను ఏరుకోగలగడమే సొంతంగా కూర్చుకోవడంలోని అసలు లాభం.

ఆటకు సంబంధించిన లెక్క మానిటర్ దగ్గర మొదలవుతుంది. 1080పీ అనే తెరపై అడ్డంగా 1920, నిలువుగా 1080 చొప్పున సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి. 4కే తెరపై సరిగ్గా దానికి నాలుగు రెట్లు ఉంటాయి కనుక గ్రాఫిక్స్ కార్డు మీద భారం బాగా పెరుగుతుంది. తెర సెకనుకు ఎన్నిసార్లు మారగలదో చెప్పే కొలత హెర్ట్జ్: 60 హెర్ట్జ్ తెరకు ఒక్కో బొమ్మను గీయడానికి సుమారు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటే, 144 హెర్ట్జ్ తెరకు 7 మిల్లీసెకన్లకు కొంచెం తక్కువే ఉంటుంది. మొదటి కంప్యూటర్‌కు 1080పీ తెర చాలు; దానికి 8 జీబీ సొంత మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4060 స్థాయి కార్డు సరిపోతుంది. అయితే కొత్త ఆటలు కార్డు మెమరీని ఎక్కువగా అడుగుతున్నాయి కాబట్టి, నాలుగైదేళ్లు వాడదలచినవారు అంతకంటే ఎక్కువ మెమరీ ఉన్నదాన్ని చూసుకోవడం మేలు.

ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ ఈ మూడింటినీ ఒకే నిర్ణయంగా చూడాలి, ఎందుకంటే ప్రాసెసర్ కూర్చునే గూడును బట్టి, అంటే సాకెట్‌ను బట్టి మిగతా రెండూ మారతాయి. ఏఎమ్‌డీ వారి పాత ఏఎమ్4 సాకెట్ డీడీఆర్4 ర్యామ్‌ను, 2022లో వచ్చిన ఏఎమ్5 సాకెట్ డీడీఆర్5 ర్యామ్‌ను మాత్రమే తీసుకుంటాయి. రెండు రకాల ర్యామ్‌లకూ గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది కనుక ఒకదాని చోట మరొకటి దిగదు. బడ్జెట్ బిగుతుగా ఉన్నవారికి ఆరు కోర్ల రైజెన్ 5 5600 ఇప్పటికీ పనికొచ్చే ప్రాసెసరే, కానీ మరికొన్నేళ్లకు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకునేవారికి ఏఎమ్5 దారి తెరిచి ఉంచుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉంటే దానిలో తెరకు బొమ్మ పంపే భాగం ఉండదు కాబట్టి, విడి కార్డు లేకుండా ఆ కంప్యూటర్ తెరపై ఏమీ కనిపించదు. ర్యామ్‌ను ఒకే 16 జీబీ ముక్కగా కాక రెండు 8 జీబీ ముక్కలుగా అమర్చితే ప్రాసెసర్‌కు రెండు దారుల్లో సమాచారం అందుతుంది. కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి గనుక పాత ధరల పట్టికను నమ్ముకుని బయలుదేరకూడదు. నిల్వకు ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ ఒకటి చాలు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినదీ, అన్నిటికంటే ఎక్కువమంది చిన్నచూపు చూసేదీ ఎస్‌ఎమ్‌పీఎస్. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును కంప్యూటర్‌కు కావలసిన 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చే ఈ పెట్టె చెడితే తనతోపాటు ఖరీదైన భాగాలనూ తీసుకుపోగలదు. పైన చెప్పిన ప్రాసెసర్ 65 వాట్ల తరగతిది, కార్డు 115 వాట్లది కాబట్టి మొత్తం కంప్యూటర్ భారం 300 వాట్ల లోపే ఉంటుంది. దానికి పేరున్న తయారీదారు 550 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ పుష్కలం. దాని మీద కనిపించే ‘80 ప్లస్’ ముద్రకు గోడ నుంచి తీసుకున్న విద్యుత్తులో కనీసం 80 శాతాన్ని భాగాలకు అందిస్తుందని అర్థమే తప్ప, వోల్టేజీ హెచ్చినప్పుడు కాపాడుతుందని కాదు. ఆ రక్షణలు ఉన్నాయో లేదో విడిగా చూసుకోవాలి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే పేరులేని ఎస్‌ఎమ్‌పీఎస్‌ను గేమింగ్ కంప్యూటర్‌కు వాడకపోవడమే మంచిది.

ఎస్‌ఎమ్‌పీఎస్ లోపలి ఫిల్టర్ ద్వారా కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోకి పోయేలా ఏర్పాటు ఉంటుంది. ప్లగ్గులోని మూడో పిన్నుకు నిజంగా ఎర్తింగ్ లేని ఇంట్లో ఆ కరెంటుకు దారి దొరక్క, క్యాబినెట్ ఇనుమును తాకితే చెయ్యి జివ్వుమంటుంది. అది యంత్రం లోపమని దుకాణానికి తిరిగేవారున్నారు. నిజానికి లోపం గోడలోనే ఉండవచ్చు. గాలివానకు కరెంటు పోయి వచ్చే గ్రామాల్లో యూపీఎస్ కూడా అవసరమే. ఇంటి ఇన్వర్టర్‌కే కలిపేవారు అది సైన్ వేవ్ రకమో కాదో, దానిలో వెంటనే బ్యాటరీకి మారే యూపీఎస్ మోడ్ ఉందో లేదో తెలుసుకోవాలి, ఎందుకంటే కరెంటు పోయాక ఎస్‌ఎమ్‌పీఎస్ తన నిల్వతో నెట్టుకురాగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లే. 600 వీఏ అని రాసి ఉన్న యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే ఇస్తుందని, అందులోనే మానిటర్ భారమూ కలుస్తుందని గుర్తుంచుకోవాలి.

తాండూరు పేరు చెప్పగానే నాపరాయి గుర్తుకొస్తుంది. రాళ్లను కోసి నునుపు చేసే యూనిట్ల చుట్టుపక్కల ఆ సన్నని పొడి గాలిలో తేలుతూ ఉంటుంది. అది ప్రాసెసర్ కూలర్ రేకుల మధ్య పేరుకుంటే గాలి ఆడదు. కూలర్ ఎంత మంచిదైనా గది వేడి కంటే కిందికి చల్లబరచలేదు. 25 డిగ్రీల గదిలో 70 డిగ్రీల దగ్గర నడిచే ప్రాసెసర్ 40 డిగ్రీల మే నెల గదిలో 85కు చేరుతుంది, దుమ్ము తోడైతే రైజెన్ 5 5600కు గరిష్ఠ హద్దయిన 90 డిగ్రీలను తాకి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అందువల్ల ముందు భాగం అద్దంతో మూసుకుపోయిన అందమైన క్యాబినెట్ కంటే, జాలీ ముఖమూ, ఊడదీసి కడుక్కోగల దుమ్ము వడపోతలూ ఉన్నది ఇక్కడికి తగినది. గాలిని బయటికి నెట్టే ఫ్యాన్ల కంటే లోపలికి తీసుకునేవి ఎక్కువగా ఉంటే గాలి వడపోతల గుండానే వస్తుంది, సందుల్లోంచి దుమ్ము చొరబడదు. పెట్టెను బండల నేల మీద కాక స్టూలు మీద ఉంచాలి; బ్లోయర్‌తో శుభ్రం చేసేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

భాగాల కోసం ఈ ప్రాంతంవారికి అందుబాటులో ఉన్న పెద్ద బజారు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే సీటీసీ. తాండూరు, వికారాబాద్‌ల నుంచి రైలులో సికింద్రాబాదుకు, దోమ నుంచి పరిగి, చేవెళ్ల మీదుగా హైదరాబాదుకు చేరి అక్కడికి వెళ్లవచ్చు. దూరం నుంచి వచ్చేవారు ప్రతి భాగానికీ సీరియల్ నంబరు రాసిన జీఎస్‌టీ బిల్లు తీసుకోవాలి, ఎందుకంటే వారంటీ సమయంలో మాట్లాడేది ఆ కాగితమే. ఆ ప్రయాణానికి ముందు ఊళ్లోని ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, కంప్యూటర్ పెట్టబోయే గదిలోని ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో చూపించుకోండి.