తట్టు వచ్చిన బిడ్డకు విటమిన్ ‘ఎ’ ఎందుకు ఇస్తారు?

నేను డాక్టరును కాను. బ్యాంకులో క్లర్కుగా పనిచేసి రిటైరైన కామర్సు గ్రాడ్యుయేటును. అయితే ఈ విషయం జమాఖర్చుల లెక్కలాంటిదే కనుక, నాకు తెలిసిన భాషలో వివరిస్తాను.

మనవాళ్లు తట్టు, పొంగు, అమ్మవారు అనేదాన్నే ఇక్కడి మరాఠీవారు ‘గోవర్’ అంటారు. ఇది దగ్గు, తుమ్ముల ద్వారా గాలిలో వ్యాపించే వైరస్ జబ్బు. మొదట జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడడం, ఆ తర్వాత ముఖంతో మొదలై ఒంటినిండా దద్దుర్లు వస్తాయి. చాలామంది పిల్లలు కోలుకుంటారు. ప్రాణం మీదికి తెచ్చేవి దద్దుర్లు కావు, వాటి వెంట వచ్చే న్యుమోనియా, విరేచనాలు. కొందరికి కంటిచూపు కూడా పోతుంది.

ఒకే వీధిలో ఇద్దరికి తట్టు వస్తే ఒకరు త్వరగా లేచి ఆడుకుంటారు, ఇంకొకరు ఆసుపత్రి పాలవుతారు. దీనికి ఒక ముఖ్య కారణం విటమిన్ ‘ఎ’ నిల్వ. ఇది కాలేయంలో ఉంటుంది. దాన్ని సేవింగ్స్ ఖాతా అనుకోండి. కంటి పైపొర, ఊపిరితిత్తులు, పేగుల లోపలి పొరలు గట్టిగా ఉండడానికి రోజూ అందులోంచి ఖర్చవుతుంది. తట్టు దెబ్బతీసేది సరిగ్గా ఆ పొరలనే. అప్పుడు ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. బిడ్డ అన్నం తినదు కనుక జమ ఆగిపోతుంది. ముందే బ్యాలెన్సు తక్కువున్న బిడ్డకు ఖాతా ఖాళీ అవుతుంది.

ఇది ఊహ కాదు. 1932లో లండన్‌లో ఎలిసన్ అనే డాక్టరు తట్టు వచ్చిన 600 మంది పిల్లలను పరిశీలించారు. విటమిన్ ‘ఎ’ ఇచ్చిన 300 మందిలో 11 మంది, ఇవ్వని 300 మందిలో 26 మంది చనిపోయారు. 1990లో ప్రచురితమైన కేప్‌టౌన్ పరిశోధనలో ఇచ్చినవారిలో ఇద్దరు, ఇవ్వనివారిలో పదిమంది మరణించారు.

అందుకే తట్టు వచ్చిన బిడ్డకు వరుసగా రెండు రోజులు రెండు మోతాదులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాది దాటితే 2 లక్షల యూనిట్లు, 6 నుంచి 11 నెలలకు లక్ష, 6 నెలల లోపు 50 వేలు. దీన్ని డాక్టరు చేతుల మీదుగానే ఇప్పించాలి. ఎక్కువైతే కాలేయానికి హాని. 2025లో అమెరికాలోని టెక్సాస్‌లో తట్టు ప్రబలినప్పుడు విటమిన్ ‘ఎ’ ఎక్కువగా వాడడం వల్ల కొందరు పిల్లల కాలేయం పనితీరు దెబ్బతింది.

ఇంకొక మాట. విటమిన్ ‘ఎ’ తట్టును రానివ్వకుండా ఆపదు. ఆపేది టీకాయే. 9 నెలలు నిండగానే ఒకటి, 16-24 నెలల మధ్య రెండోది. 2022లో మన మహారాష్ట్రలోనే ముంబై, మాలేగావ్, భివండీలలో తట్టు ప్రబలి పసిపిల్లలు చనిపోయారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో మన దేశంలో విటమిన్ ‘ఎ’ పథకం మొదలైంది. ఇప్పుడు మొదటి టీకాతో పాటు ఒక మోతాదు, తర్వాత ఐదేళ్ల వరకు ఆరు నెలలకొకటి, మొత్తం 9 మోతాదులు ఉచితం. ఇంట్లో మునగాకు, తోటకూర, బొప్పాయి, గుమ్మడి, గుడ్డు పెట్టండి. ఆకుకూరలో కాస్త నూనె పడితేనే ఒంటికి పడుతుంది.

అమ్మవారు పోసిందని వేపమండలు కట్టుకోండి, తప్పులేదు. కానీ బిడ్డకు తిండి, పాలు మాన్పించకండి, ఆసుపత్రికి ఆలస్యం చేయకండి.

విద్యార్థులారా, గనుల్లో, కాగితం మిల్లులో పనికి వచ్చిన మన కుటుంబాల్లో చాలామంది అమ్మానాన్నలకు మరాఠీ చదవడం రాదు. మీకు వచ్చు. ఈ వారమే మీ తమ్ముడిదో చెల్లెలిదో టీకా కార్డు తీసి చూడండి. ‘జీవనసత్త్వ అ’ అంటే విటమిన్ ‘ఎ’. ఆ గడులు ఖాళీగా ఉంటే అంగన్‌వాడీకి తీసుకువెళ్లండి. సొంతూరు వెళ్లేటప్పుడు కార్డు వెంట ఉంచుకోండి, తప్పిన మోతాదు అక్కడైనా వేయించవచ్చు.